మేనత్త ఊరి ముందు ఇసుక ఏమైపోయింది? రాతి గోడకు సంతకం పెట్టాలా, వద్దా?

బరంపురం_బాబ్జీ
ఒక సంతకం విషయం తేల్చుకోలేక రాస్తున్నాను. మా మేనత్తది ఒడిశాలో, గంజాం తీరంలో చిన్న పల్లె. పేరు రాయను, రాస్తే రేపు ఆవిడే నన్ను తిడుతుంది. నా చిన్నప్పుడు ఆవిడ గుమ్మం నుంచి నీళ్ల దాకా వెళ్లాలంటే సరుగుడు తోట దాటాలి, మొగలి పొదలు దాటాలి, ఆ తర్వాత కాళ్లు కాలే ఇసుకలో పరుగు. మొన్న దీపావళికి వెళ్తే తోట లేదు. మొగలి వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. వంటింటి వెనక ఒడ్డు మనిషి ఎత్తున నిలువుగా కోసుకుపోయింది. పోటు వేళ కెరటం వచ్చి దానికి కొట్టుకుంటే అలమరలో గిన్నెలు చప్పుడు చేస్తున్నాయి.

విచిత్రం ఏమిటంటే, అక్కడికి రెండు కిలోమీటర్ల దక్షిణాన ఒక చిన్న కాలువ సముద్రంలో కలిసే మొగ ఉంది. పడవలు సుఖంగా లోపలికి రావాలని ఎనిమిదేళ్ల కిందట దానికి రెండు పక్కలా సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. ఆ గోడలకు దక్షిణం పక్కన ఇసుక మైదానంలా పెరిగింది. పిల్లలు ఒకేసారి రెండు క్రికెట్ ఆటలు ఆడుకుంటున్నారు. అదే సముద్రం, అదే గాలి. అక్కడ పెరగడమేమిటి, ఇక్కడ తరగడమేమిటి?

ఇప్పుడు ఒక గుత్తేదారు మనిషి కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు. ఊరి ముందు నాలుగు వందల మీటర్ల రాతి గోడ కావాలని అర్జీ. సగం ఊరు సంతకాలు పెట్టేసింది. 'చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు' అంటోంది అత్తయ్య. నేను చదివింది బీకాం.

జయపురం_కొండవాడు
సముద్రం ఎంతవరకు వచ్చిందో రోజూ రాస్తూ ఉండండి. కొరాపుట్ కొండల దగ్గరికి వచ్చిందంటే మా స్థలాలను 'సముద్ర దృశ్యం' అని చెప్పి అమ్ముకుంటాం.

గోపాల్‌పూర్_గాలి
ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఇల్లు పడిపోతుంటే గోడ కట్టుకోవాలి. నాకు ఇక్కడ ఒడ్డున ఎనిమిది గదుల లాడ్జి ఉంది. ఫైలిన్ రాత్రి, 2013 అక్టోబరు 12న, నేను ఇక్కడే ఉన్నాను. తెల్లవారి చూస్తే ఒడ్డు ఒడ్డులా లేదు. తుఫాను తీసుకుపోయింది, అంతే. ఎవరినో తప్పుపట్టడం దండగ.

బరంపురం_బాబ్జీ
తుఫానే అయితే దక్షిణం పక్క ఇసుక కూడా పోవాలి కదా? ఫైలిన్, తిత్లీ తుఫానులు రెండూ వాళ్ల మీదా వచ్చాయి.

ఛత్రపురం_మాస్టారు
బాబ్జీ వేసిన ప్రశ్నలోనే సగం జవాబుంది. ముప్ఫై ఏళ్లు బడిలో భూగోళం చెప్పినవాడిని, కాస్త పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఒడ్డున కనిపించే ఇసుక అక్కడ కాపురం ఉండేది కాదు, దారిన పోయేది. నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వస్తాయి. ఎగబాకేటప్పుడు ఇసుక రేణువును వాలుగా ఉత్తరానికి తోస్తాయి. వెనక్కి జారేటప్పుడు నీరు తిన్నగా దిగుతుంది. అలా ఎక్కుతూ దిగుతూ రేణువు రంపం పళ్లలా నడుచుకుంటూ ఉత్తరానికి పోతుంది. కార్తికం తర్వాత గాలి మారి కెరటాలు ఈశాన్యం నుంచి వస్తే కొంత దక్షిణానికి వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే మన తీరంలో మిగులు ఎప్పుడూ ఉత్తరానికే. గోపాల్‌పూర్ నుంచి పారాదీప్ దాకా ఏటా సుమారు పది లక్షల ఘనపు మీటర్ల మాట ఇది.

ఇక ఆ నడకకు అడ్డంగా రాతి గోడ వేస్తే ఏమవుతుంది? నడిచి వచ్చింది దక్షిణాన ఆగిపోతుంది. అదీ మీ క్రికెట్ మైదానం. గోడకు ఉత్తరాన కెరటం మాత్రం పని మానదు. ఉన్న ఇసుకను రోజూ తీసుకుపోతూనే ఉంటుంది, పైనుంచి రావాల్సింది రాదు. అదీ మీ అత్తయ్య వంటిల్లు.

కళ్లతో చూడాలంటే ఖాళీ కొబ్బరి బోండం ఒకటి తీసుకోండి. కెరటం విరిగే చోటికి కాస్త అవతల పడేలా విసరండి. దాని పక్కనే ఒడ్డున నడవండి. పది నిమిషాల్లో ఎన్ని అడుగులు, ఎటు పోయిందో రాసుకోండి. మా పిల్లల చేత జూలైలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చేయించేవాడిని. జూలైలో బోండం వెనక పరుగెత్తాల్సి వచ్చేది.

జయపురం_కొండవాడు
మాస్టారూ, పది లక్షల ఘనపు మీటర్లంటే టిప్పరుకు పది చొప్పున లక్ష టిప్పర్లు. రోజుకు 270 పైమాటే. డ్రైవరు లేడు, డీజిలు లేదు, చెక్‌పోస్టులో మామూలు లేదు. ఇంత నిజాయతీగల రవాణా సంస్థను గోడ కట్టి ఆపుతారా?

ఇచ్ఛాపురం_గేటు
ఆ ఇసుక ఉత్తరానికే పోతుందంటే అర్థం ఏమిటో గమనించారా? బారువ, సోంపేట, డొంకూరు ఒడ్డున ఉన్న మా శ్రీకాకుళం ఇసుక బాహుదా మొగ దాటి సోనాపూర్ మీదుగా మీకు వస్తోంది. ఇన్నేళ్ల బాకీ ఎప్పుడు తీరుస్తారు?

పర్లాకిమిడి_అమ్మాయి
1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి సరిహద్దు గీసినప్పుడు ఇసుకకు వాటా రాయడం మరిచిపోయారు. ఇప్పుడు కేసు వేస్తే కాలపరిమితి దాటిందని కొట్టేస్తారు.

రాయీ_రప్పా
మాస్టారు చెప్పింది నిజమే గాని, ఇక్కడ అందరూ గోడను దొంగలా చూడటం మొదలుపెడతారని నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను. నేను నీటిపారుదలలో మొదలై తీరం పనుల్లో రిటైరైన ఇంజినీరును. ఇంటికి పది అడుగుల దూరంలో కెరటం ఉన్నప్పుడు, దాని వెనక బడో ఆసుపత్రో ఉన్నప్పుడు, రాయి తప్ప ఇంకేదీ ఆ వానాకాలం ఆపలేదు. సిద్ధాంతాలు తర్వాత.

అయితే రాయి వేయడం వేరు, గోడ కట్టడం వేరు. ముందు నీటిని వదిలి ఇసుకను ఆపే జియో గుడ్డ పరవాలి, లేదా సన్నరాయి పొర వేయాలి. దాని మీద మధ్యరకం రాయి, పైన టన్నుల బరువున్న రాయి. పాదం ఇసుక కిందికి లోతుగా దిగాలి. నేను చూసిన ఒక పనిలో గుత్తేదారు ఇవేమీ లేకుండా లారీల్లో తెచ్చి ఇసుక మీద ఒంపేశాడు. రెండు వానాకాలాల్లో గోడ సగం ఎత్తు దిగింది. 'రాళ్లు సముద్రం మింగేసింది' అన్నారు ఊళ్లోవాళ్లు. సముద్రం రాళ్లను మింగలేదు, సందుల్లోంచి వాటి కింద ఇసుకను పీల్చేసింది. ఆ తర్వాత మళ్లీ రాయి, మళ్లీ బిల్లు. ఆయనకు మూడోసారి కూడా పని దొరికిందనుకోండి, అది వేరే కథ.

బరంపురం_బాబ్జీ
మరి బాగా కడితే మా ఊరి ముందు ఇసుక తిరిగి వస్తుందా?

రాయీ_రప్పా
రాదు. అబద్ధం చెప్పను. గోడ వెనక ఉన్నదాన్ని కాపాడుతుంది, ముందున్నదాన్ని కాదు. నున్నటి ఇసుక వాలు మీద కెరటం ఎగబాకి అలసిపోతుంది. నిలువు రాయికి కొట్టుకుంటే అలసిపోదు, వెనక్కి తన్ని గోడ పాదం దగ్గర గొయ్యి చేస్తుంది. మిగిలిన కాస్త ఇసుకా పోతుంది. ఇంకొకటి, గోడ ఎక్కడ ఆగితే ఆ చివర కోత ఎక్కువవుతుంది. నాలుగు వందల మీటర్లు అన్నారు కదా, నాలుగు వందల ఒకటో మీటరులో ఎవరి ఇల్లు ఉందో ముందు చూడండి.

బరంపురం_బాబ్జీ
అత్తయ్య తోడికోడలి ఇల్లు. ఇద్దరికీ పదేళ్లుగా మాటలు లేవు.

జయపురం_కొండవాడు
అయితే అత్తయ్య వెంటనే సంతకం పెడుతుంది.

అలివి_వల
నేను ఆ తీరంవాడినే. ఇక్కడివాళ్లు మమ్మల్ని నోలియాలు అంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఇంతసేపూ ఇళ్ల గురించే మాట్లాడారు. మాకు ఒడ్డు అంటే పని చేసే చోటు. అలివి వల వేశామంటే రెండు కొసల తాళ్లూ పట్టుకుని చెరో ఇరవై మంది వెనక్కి నడుస్తూ లాగాలి. మడమ ఇసుకలో దిగితేనే బలం వస్తుంది. రాళ్ల మీద నిలబడి వల లాగమంటే కాళ్లు విరుగుతాయి, వల చిరుగుతుంది. పడవ ఎక్కడికి ఎక్కించాలి? చేప ఎక్కడ ఎండబెట్టాలి? పొరుగు పల్లెలో గోడ వచ్చాక మా మేనమామ పడవను మూడు కిలోమీటర్ల అవతల పెట్టుకుంటున్నాడు. రోజూ ఇంజను, డీజిలు డబ్బా భుజాన మోసుకుని వెళ్తాడు. గోడ ఆయన ఇల్లు కాపాడింది, కాదనను. రోజుకు గంటన్నర నడక పెట్టింది.

గోపాల్‌పూర్_గాలి
ఇల్లు పోతే వల ఎక్కడ పెట్టుకుంటావు తమ్ముడూ? కేరళ చూడండి, 590 కిలోమీటర్ల తీరంలో సగానికి పైగా రాతి గోడే. వాళ్లకు తెలియదా?

అలివి_వల
అన్నా, అక్కడ గోడలు దాటుకుని కెరటాలు ఇళ్లలోకి వస్తున్నాయని వానాకాలం రాగానే మీరూ నేనూ టీవీలో చూస్తూనే ఉన్నాం.

ఛత్రపురం_మాస్టారు
గోడకూ ఇసుకకూ ఉన్న లావాదేవీ కొత్తది కాదు. మద్రాసులో 1876లో రేవు గోడలు మొదలుపెట్టారు. అంతకుముందు కోట దరిదాపుల దాకా కెరటాలు వచ్చేవి. రేవుకు దక్షిణాన ఇసుక పేరుకుని పేరుకుని ఇవాళ మనం చూసే మెరీనా అంత వెడల్పయింది. సుండలు తింటూ అందరూ మెరీనాను పొగుడుతారు. ఆ ఇసుక వెళ్లాల్సిన రాయపురం మాత్రం రాళ్లు వేసుకుని బతుకుతోంది. పుదుచ్చేరిలో 1980లలో రేవు గోడలు వచ్చాయి, పట్టణం ముందున్న ఇసుక మొత్తం పోయి నల్ల రాళ్లే మిగిలాయి.

రాయీ_రప్పా
మాస్టారు సగమే చెప్పారు. అదే పుదుచ్చేరిలో మొన్న 2018-19లో నీళ్ల అడుగున ఉక్కుతో త్రికోణం లాంటి దిమ్మ దించి, ఇసుక పోసి, మళ్లీ ఒడ్డు తెచ్చారు. అది కూడా ఇంజినీర్లే చేశారు. విశాఖలో చూడండి, రేవు నోటి దగ్గర చేరే ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి రామకృష్ణా బీచ్ మీద పోస్తారు. పారాదీప్‌లో 1966లో రేవు తెరిచినప్పుడే, దక్షిణపు గోడ దగ్గర ఆగే ఇసుకను పంపులతో ఉత్తరానికి దాటించాలని ఏర్పాటు చేసుకున్నారు. అంటే అరవై ఏళ్ల కిందటే జబ్బు తెలుసు, మందూ తెలుసు.

జయపురం_కొండవాడు
మందు రోజూ వేసుకోవాలన్నదే మరిచిపోయారన్నమాట. మా నాన్నగారి బీపీ మాత్రల్లా.

ఇచ్ఛాపురం_గేటు
విశాఖ అంటే గుర్తొచ్చింది. 1933లో తెరిచిన ఆ రేవు కట్టేటప్పుడు రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి ముంచేసి కెరటాలకు అడ్డుకట్ట చేశారు. మా తాతయ్య ఈ కథ చెప్పేవారు. ఆయన రంగూన్ వెళ్లింది మాత్రం గోపాల్‌పూర్ నుంచి. అప్పుడు అక్కడ ఏ గోడా లేదు. ఓడ దూరంగా లంగరు వేసి ఉండేది, ఒడ్డు నుంచి మసూలా పడవల్లో తీసుకెళ్లి ఎక్కించేవారట. మేకు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు. కెరటం కొడితే విరగకుండా వంగేవట. తాతయ్య మాత్రం ఓడ చేరేలోపే మూడుసార్లు వాంతి చేసుకున్నారట.

గోపాల్‌పూర్_గాలి
ఇసుక ఎటుపోతే అటు పోనీ, ఒడ్డున నల్లటి చారలు పడుతున్నాయి, వాటి సంగతి చెప్పండి. నిన్న పొద్దున నేనే ఫొటో తీశాను. అతిథులు కాళ్లు నల్లబడ్డాయని అడుగుతున్నారు. ఎవరో బొగ్గు పొడి వదులుతున్నారు.

ఛత్రపురం_మాస్టారు
దోసిట్లోకి తీసుకుని చూశారా? బొగ్గు ఇసుక కంటే తేలిక. కెరటం ముందు దాన్నే లాక్కుపోతుంది, చారలా మిగలనివ్వదు. మీరు చూసింది ఇల్మనైట్ అనే బరువైన నల్ల ఖనిజం అయి ఉంటుంది. మామూలు తెల్ల ఇసుక నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త పైన బరువుంటే, ఇల్మనైట్ నాలుగున్నర రెట్లు దాటుతుంది. మా ఛత్రపురంలో ప్రభుత్వ సంస్థ తవ్వి తీసేది దాన్నే. దాంతో పాటు ఎర్రగా మెరిసేది గోమేదికం జాతి గార్నెట్.

ఒక స్టీలు పళ్లెంలో ఆ ఇసుక గుప్పెడు వేసి నీళ్లు పోసి మెల్లగా తిప్పండి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. తెల్లది అంచు దాటి జారిపోతుంది, అడుగున నల్లటి నెలవంక మిగులుతుంది. సముద్రం చేసేదీ ఇదే. తేలికపాటిది తీసుకుపోయి బరువైనది వదిలేస్తుంది. కాబట్టి చార హఠాత్తుగా వెడల్పయిందంటే బొగ్గు గురించి కాదు, పైనున్న తెల్ల ఇసుక ఎంత పోయిందో అడగాలి.

గోపాల్‌పూర్_గాలి
పళ్లెంలో తిప్పాను. నెలవంక వచ్చింది. మా వంటమనిషి బంగారమేమో అని దాచుకున్నాడు.

తాబేటి_నడక
రుషికుల్య మొగ దగ్గర మూడేళ్లుగా తాబేళ్ల గూళ్లకు కాపలా కాస్తున్నాను. నది మొగలో దక్షిణం నుంచి ఒక ఇసుక నాలుక బయలుదేరుతుంది. మాస్టారు చెప్పిన నడక ఇసుకే అది. నది నోటిని ఉత్తరానికి నెట్టుకుంటూ పొడవు పెరుగుతుంది. వరద గట్టిగా వస్తే మధ్యలో తెగుతుంది, మళ్లీ మొదలు. ఆ నాలుక మీదా దాని పక్క ఒడ్డు మీదా ఫిబ్రవరి, మార్చిలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. ఇక్కడ ఇంత పెద్ద ఎత్తున పెడతాయని బయటి ప్రపంచానికి తెలిసింది 1994లోనే.

రాత్రి పక్కనే బోర్లా పడుకుని చూశాను. తాబేలు వెనక కాళ్లతో గొయ్యి తవ్వుతుంది, ఒక కాలు చెంచాలా ఇసుక తీస్తుంటే ఇంకో కాలు ఆగి ఉంటుంది, తర్వాత అది. గొయ్యి అడుగు తడిగా తగిలితే వదిలేసి ఇంకాస్త పైకి వెళ్తుంది. పైన రాళ్లుంటే ఎక్కడికి వెళ్తుంది? పోటు తగిలే చోటే పెట్టేసి పోతుంది, పిల్ల రావడానికి నలభై అయిదు రోజులకు పైగా పడుతుంది, ఈలోపు కెరటం గుడ్లు ఎత్తుకుపోతుంది.

పర్లాకిమిడి_అమ్మాయి
మరి పొడంపేట? అది ఆ మొగకు ఉత్తరాన ఉన్న ఊరే కదా. ఇళ్లు వరసలు వరసలుగా పోయాయి, మనుషులను వేరే చోటికి మార్చారు. అక్కడ ఊరి పక్కన ఏ రాతి గోడా లేదు. అంటే గోడలు లేకపోయినా ఊళ్లు పోతాయి. అన్నిటినీ ఒకే కారణానికి కట్టేయకండి.

తాబేటి_నడక
ఒప్పుకుంటాను. నది నోరు ఊరి ముందుకు జరిగితే ఊరు నది నోట్లో పడ్డట్టే. మొగ పక్కన ఉన్న ఏ ఊరికైనా ఇది ఉంటుంది. పైగా నదుల మీద ఆనకట్టలు వచ్చాయి, నదిలో ఇసుక తవ్వుతున్నారు, సముద్రానికి చేరే ఇసుకే తగ్గింది.

రాయీ_రప్పా
మొగ అంటే చిలికా సరస్సు గురించి చెప్పాలి. అరవై కిలోమీటర్ల ఇసుక నాలుక దాన్ని సముద్రం నుంచి విడదీస్తుంది. పాత నోరు ఉత్తరానికి జరిగి జరిగి పూడిపోతే సరస్సులో ఉప్పు తగ్గింది, చేప తగ్గింది, కలుపు పెరిగింది. చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం చూసే రామ్‌సర్ వాళ్లు 1993లో ప్రమాదం జాబితాలో పెట్టారు. 2000 సెప్టెంబరులో సిపకుద దగ్గర ఇసుకను కోసి కొత్త నోరు తెరిచారు. చేప తిరిగి వచ్చింది, 2002లో ఆ జాబితా నుంచి తీసేశారు. ఇంజినీరు ముట్టుకుంటే అన్నీ పాడవుతాయనేవాళ్లు ఇది రాసి పెట్టుకోండి.

ఛత్రపురం_మాస్టారు
రాసి పెట్టుకున్నాం. దాని కింద ఇదీ రాసుకోండి: 2008లో సముద్రం ఎవరినీ అడక్కుండా పక్కనే ఇంకో నోరు తెరుచుకుంది. ఫైలిన్ మరికొన్ని తెరిచింది. మీరు కోసింది మంచి చోటే, కాని చివరి మాట మీది కాదు.

రాయీ_రప్పా
మాస్టారితో వాదించి గెలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జయపురం_కొండవాడు
మాస్టారి భార్యగారు.

బరంపురం_బాబ్జీ
అందరూ బాగా చెబుతున్నారు గాని నా సంతకం సంగతి? రాతి గోడ వద్దంటే, సముద్రంలోకి అడ్డంగా చిన్న గోడలు వరసగా వేస్తారు కదా, గ్రాయిన్లు, అవి అడగనా? వాటి మధ్య ఇసుక నిలుస్తుందట.

రాయీ_రప్పా
నిలుస్తుంది. ఒక్కో గోడ పొడవుకు రెండు మూడు రెట్ల ఎడం ఉంచి, మధ్య గదులను మొదట్లోనే బయటి ఇసుకతో నింపితే బాగా పనిచేస్తాయి. నింపకుండా వదిలితే అవి నిండేదాకా దారిన పోయే ఇసుకను పట్టుకుంటాయి. అప్పుడు మీకు ఉత్తరాన ఉన్న ఊరు బాబ్జీ అనే మనిషి మీద ఇలాగే ఒక చర్చ మొదలుపెడుతుంది.

ఇచ్ఛాపురం_గేటు
ఇసుక సంచుల గోడ? కేంద్రపడా జిల్లా పెంఠ దగ్గర అర కిలోమీటరు మేర జియో ట్యూబులతో కట్టారు కదా.

రాయీ_రప్పా
505 మీటర్లు. అది 2016కల్లా పూర్తయింది. మీ ఆంధ్రలో, కాకినాడ దగ్గర ఉప్పాడలోనూ అలాంటివే పెట్టారు, అవి చిరిగాయి, ఊరు ఇంకా కోతలోనే ఉంది. ఒక చోట మందు ఇంకో చోట అదే మోతాదులో పనిచేయదు.

అలివి_వల
బాబ్జీ అన్నా, ఒక సంగతి ఎవరూ అడగలేదు. ఆ రెండు గోడల మధ్య పడవల దారి ఏటా పూడిపోతుంది. గోడ కొస దాటుకుని లోపలికి వచ్చే ఇసుక అది. వానాకాలం అవగానే యంత్రం పెట్టి తోడతారు. తోడింది ఎక్కడికి పోతోందో ఎప్పుడైనా చూశావా? నేను చూశాను. టిప్పర్లలో రోడ్డెక్కి పోతుంది. ఎవరి పల్లపు స్థలమో మెరక అవుతుంది. అది మీ అత్తయ్య ముందు ఉండాల్సిన ఇసుక.

బరంపురం_బాబ్జీ
ఇది నాకు తట్టనే లేదు.

రాయీ_రప్పా
శభాష్. నేను చెప్పాల్సింది కుర్రవాడు చెప్పాడు. ఆస్ట్రేలియాలో ట్వీడ్ నది మొగ దగ్గర 2001 నుంచి పంపులు పెట్టి ఇదే చేస్తున్నారు. దక్షిణాన ఆగిన ఇసుకను గొట్టంలో నది దాటించి ఉత్తరాన పోస్తారు. డచ్చివాళ్లయితే 2011లో 2.15 కోట్ల ఘనపు మీటర్లు ఒకేచోట కుప్పపోసి, పంచే పని కెరటాలకు వదిలేశారు. మీకు అంత అక్కరలేదు. తోడిన ఇసుకను రోడ్డు మీదకు కాకుండా రెండు కిలోమీటర్లు ఉత్తరానికి పంపితే చాలు. పూర్తిగా ఆగకపోవచ్చు, కోత నెమ్మదిస్తుంది. ఈలోపు మరీ అంచున ఉన్న ఇళ్లకు తాత్కాలికంగా సంచులు.

పర్లాకిమిడి_అమ్మాయి
అయితే కాగితం పని నేను చెబుతాను. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు 1991లో వచ్చాయి, 2011లోనూ 2019లోనూ మార్చారు. కోత ఆపే పనులకు వీలుంది, కానీ అనుమతి కావాలి. గుత్తేదారు మనిషి సంతకాలు పట్టుకుని తిరిగినంత మాత్రాన గోడ రాదు. సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు అడగండి. పాత రెండు గోడలకు అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన షరతులు ఏమిటి? ఏటా ఎంత ఇసుక తోడారు? దాన్ని ఎక్కడ వేశారు? ఆ తర్వాత గ్రామసభలో తీర్మానం. అర్జీలో 'గోడ కావాలి' అని రాయకండి, 'మా ఇసుక మాకు కావాలి' అని రాయండి.

గోపాల్‌పూర్_గాలి
తీర్మానాలు చేసేలోపు వంటిల్లు పోతుంది.

పర్లాకిమిడి_అమ్మాయి
మీ గోడకు టెండరు పిలిచేలోపు కూడా.

ఛత్రపురం_మాస్టారు
బాబ్జీ, అర్జీకి కొలత ఉండాలి. దీపావళి నాటికి ఒడ్డు ఎప్పుడూ సన్నగానే ఉంటుంది. వానాకాలపు పెద్ద కెరటాలు ఇసుకను లోపలికి లాగి నీళ్ల కింద దిబ్బగా పెడతాయి, చలికాలం చిన్న కెరటాలు కొంత తిరిగి తెస్తాయి. అక్టోబరు ఫొటోతో వెళ్తే 'ఇది ఏటా ఉండేదే' అని పంపేస్తారు. గట్టుకు లోపలి పక్కన ఐదు గుంజలు పాతండి, రంగు వేయండి. నెలకోసారి, పౌర్ణమి రోజు ఆటు వేళ, గుంజ నుంచి గట్టు అంచుకూ, అక్కడి నుంచి నీటికీ టేపుతో కొలవండి. గోడలకు దక్షిణాన కూడా రెండు పాతండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఉపన్యాసం అక్కరలేదు.

బరంపురం_బాబ్జీ
ఈ ఆదివారమే వెళ్తాను.

నిర్వాహకుడు
చర్చ బాగుంది, పైన కట్టి ఉంచుతున్నాను. టిప్పర్ల యజమానుల పేర్లు అడుగుతూ నాకు విడిగా రాస్తున్నవారు ఆపండి. ఇక్కడ ఎవరి పేర్లూ రావు.

బరంపురం_బాబ్జీ
నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చాను. అత్తయ్య ఊళ్లో నవంబరు నుంచి మార్చి దాకా నీటి అంచు రెండు గుంజల దగ్గర కాస్త దూరం జరిగింది, మాస్టారు చెప్పినట్టే కొంత ఇసుక తిరిగి వచ్చింది. గట్టు మాత్రం ఎక్కడా తిరిగి రాలేదు. వంటింటి వెనక గుంజ దగ్గర ఇంకో మూడు అడుగులు పోయింది. దక్షిణం పక్క రెండు గుంజల నుంచి నీళ్ల దాకా నా ముప్ఫై మీటర్ల టేపు చాలలేదు.

బోండం కూడా వేశాను. డిసెంబరులో దక్షిణానికి పోయింది, పది నిమిషాల్లో నలభై అడుగులు. చూడటానికి ఊరంతా వచ్చింది. ఇద్దరు పందెం కూడా కాశారు.

సమాచార హక్కు జవాబు ఒక ప్రశ్నకే వచ్చింది. తోడిన ఇసుకను 'తగిన చోట' వేశారట. గ్రామసభలో తీర్మానం అయింది. అత్తయ్య, తోడికోడలు పక్కపక్కన వేలిముద్రలు వేశారు. మాటలు మాత్రం ఇంకా లేవు. పై ఆఫీసులో కాగితం తీసుకుని వచ్చే ఏడాది పనిలో 'పరిశీలిస్తాం' అన్నారు. గుత్తేదారు మనిషి మళ్లీ వస్తే అత్తయ్య మంచినీళ్లిచ్చి, రాళ్లు తర్వాత, ఒక టిప్పరు ఇసుక తీసుకురా చూద్దాం అందట.

ఒక్కటే ఇబ్బంది. మూడో గుంజ కనిపించడం లేదు. కెరటం దాకా ఇంకా చోటుంది, పోవడానికి వీల్లేదు. ఎవరు పీకారు?

అలివి_వల
మనుషులు పీకలేదు అన్నా. మా చిన్నాన్న దానికి మేకను కట్టాడు. మేక పీకింది.

ఛత్రపురం_మాస్టారు
గుంట కనిపిస్తోందా? దాంట్లోనే మళ్లీ పాతండి. లేదంటే నాలుగు నెలల లెక్క పోతుంది.

అలివి_వల
గుంట ఉంది మాస్టారూ. ఈసారి లోతుగా పాతిస్తాను. మేకను నాలుగోదానికి కట్టమని చెప్పాను.

బరంపురం_బాబ్జీ
నాలుగోదానికి కూడా వద్దు!